బాంధవుడన్న మాటకు అర్థం

అహోబలయ్య పండితుల దగ్గర వ్యాకరణం చదువుకున్నవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. సంధి గురించో సమాసం గురించో అడిగితే, అడగడం పూర్తికాకముందే ఆయన సూత్రం చెప్పేస్తారు. ఒక మాటకు అర్థమేమిటని అడిగితే మాత్రం అంత తొందరగా జవాబు రాదు. చేతిలో ఉన్న పని పక్కన పెట్టి, అడిగినవాడి ముఖంలోకి కాసేపు చూసి, ఎప్పుడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి మొదలుపెడతారు. అది ప్రశ్నకు జవాబో కాదో విన్నవాడే తేల్చుకోవాలి.

ఆయన శిష్యుల్లో మద్దిలేటి అని ఒకడుండేవాడు. పల్లెలో బడిపంతులు. భాషాప్రవీణ పరీక్షకు కట్టి, ప్రతి ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నంద్యాల వచ్చి, మధ్యాహ్నందాకా పాఠం చెప్పించుకుని పోయేవాడు. ఒక ఆదివారం అతను పుస్తకం తెరవలేదు. సంచిలోంచి ఒక కాగితం తీసి గురువుగారి ముందు పెట్టాడు. వరదలప్పుడు అన్నం పొట్లాలు పంచిన ఒక పెద్దమనిషికి ఊళ్లో సన్మానం చేస్తున్నారనీ, సన్మానపత్రం తననే రాయమన్నారనీ, రాస్తూ రాస్తూ ‘ఆపద్బాంధవుడు’ అన్న మాట దగ్గర కలం ఆగిపోయిందనీ చెప్పాడు.

ఆ మాట ఎలా పుట్టిందో అతనికి తెలియక కాదు. ఆపదయందు బాంధవుడు, సప్తమీ తత్పురుషం. బంధువన్న మాట కట్టివేయడమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ఇదంతా గురువుగారు చెప్పిందే. అతని బాధ వేరు. బంధువంటే ఏదో ఒక కట్టు ఉండాలి గదా. పుట్టుక కడుతుంది, పెళ్లి కడుతుంది. కనీసం ఒక గోడకు అటూ ఇటూ బతకడమైనా కడుతుంది. ముక్కూ మొహం తెలియనివాడు ఒక పూట వచ్చి, సాయం చేసి, తన దారిన తాను పోతే వాణ్ణి కట్టిందేమిటి? దేవుణ్ణి ఆ మాటతో పిలిస్తే సరే, ఆయన అందరివాడు. మనిషిని పిలిస్తే అది పొగడ్తే తప్ప నిజం కాదనీ, ‘పరోపకారి’ అంటే సరిపోయేదానికి ‘బాంధవుడు’ అనడం అబద్ధమనీ మద్దిలేటి వాదన.

అహోబలయ్యగారు ఆ కాగితం చదివారు. రెండు చోట్ల అరసున్న దిద్దారు. తర్వాత కలానికి మూత పెట్టి, “మాట ఎట్లా పుట్టిందో నువ్వు చెప్పినావు. ఎందుకు పుట్టవలసి వచ్చిందో నాకు ఒకసారి తెలిసింది. విను,” అన్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

అప్పటికి అహోబలయ్యకు ముప్పై రెండేళ్లు. హైస్కూల్లో తెలుగు పండితుడుగా చేరి కొద్ది కాలమే అయింది. తండ్రి లేడు. తల్లి ఓబులమ్మ అతని దగ్గరే ఉండేది. ఆమెకు ఆ రెండేళ్లుగా మతిమరుపు పట్టుకుంది. మొదట్లో పొయ్యి మీద పాలు మరిచేది, తర్వాత వీధి మరిచింది. ఆ తర్వాత కాలాన్నే మరిచిపోయింది. ఒక్కో పొద్దు ఆమెకు పన్నెండేళ్లుండేవి, ఒక్కో పొద్దు కొత్త కోడలయ్యేది. ఎప్పుడో పోయినవాళ్ల పేర్లు పెట్టి, వాళ్లు పక్క గదిలో ఉన్నట్టే పిలిచేది. ద్రోణాచలంలో ఎవరో వైద్యుడు ఇలాంటివాటికి మందిస్తాడని విని, ఒక వేసవి రోజు అహోబలయ్య ఆమెను వెంటబెట్టుకుని పాసింజరు బండి ఎక్కాడు.

ఆ బండిలో అతని చేతిలో ఒక కాగితాల కట్ట ఉంది. అతను రాసిన మొదటి వ్యాకరణ పుస్తకం అచ్చు ప్రతులు. తప్పులు దిద్ది ఆ వారంలోనే ప్రెస్సుకు పంపాలి. కిటికీ పక్కన తల్లిని కూర్చోబెట్టి అతను దిద్దుకుంటూ ఉన్నాడు. పాణ్యం దాటినప్పటి నుంచి ఓబులమ్మ ఏదో చెబుతూనే ఉంది. అతను తల ఎత్తకుండా ‘ఊ’ అన్నాడు. రెండుసార్లు ఊరుకోమన్నాడు. మూడోసారి కాస్త గట్టిగా అన్నాడు. ఆమె ఊరుకుంది.

బేతంచెర్లకు ఇవతల ఒక చిన్న స్టేషన్లో ఎదురు బండి కోసం వీళ్ల బండిని ఆపారు. చుట్టూ నాపరాళ్ల నేల. ఎండకు రాళ్లన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. మరచెంబులో నీళ్లు అయిపోయాయి. అహోబలయ్య తల్లితో కదలొద్దని చెప్పి దిగి కొళాయి దగ్గరికి వెళ్లాడు. అక్కడ పదిమంది ఉన్నారు. అతని వంతు వచ్చేలోపు ఎదురు బండి వచ్చి పోయింది. నీళ్లు పట్టుకుని వచ్చేసరికి కిటికీ పక్కన ఓబులమ్మ లేదు. ఎదురు సీటులో ఉన్నావిడ, ఆ పెద్దామె అవతలి వైపు తలుపులోంచి పట్టాల మీదికి దిగిందనీ, ఎవరో పిలిస్తే పోతున్నట్టు పోయిందనీ, తెలిసినవాళ్లు ఎవరైనా కనబడ్డారేమో అనుకున్నాననీ చెప్పింది.

అతను చెంబు అక్కడే పడేసి పట్టాల మీదికి దూకాడు. బండి కూత వేసి కదిలింది. మూటా, కాగితాల కట్టా దానితోనే పోయాయి. బండి పోయాక చూస్తే రెండు వైపులా ఖాళీ. కనుచూపు మేర రాళ్ల గుట్టలూ తుమ్మ పొదలూ తప్ప మనిషి జాడ లేదు. స్టేషన్ మాస్టరు, తాను చూడలేదనీ, ఈ చుట్టుపక్కల రాయి తీసి వదిలేసిన గుంతలున్నాయనీ, వానాకాలం నీళ్లు వాటిలో వేసవిదాకా నిలిచి ఉంటాయనీ, జాగ్రత్తగా వెతుక్కోమనీ చెప్పాడు. ఆ మాట విన్నాక అహోబలయ్య అక్కడ నిలవలేదు. “అమ్మా, అమ్మా” అని అరుస్తూ ఒక వైపు పరుగెత్తాడు. అటు ఎవరూ లేక మళ్లీ వెనక్కి వచ్చాడు.

అప్పుడు ఒక మనిషి అతనికి అడ్డం వచ్చి నిలబడ్డాడు. యాభై ఏళ్లుంటాయి. భుజాన దూది ఏకే విల్లు ఉంది. తలకు, గడ్డానికి దూది పింజలు అంటుకుని ఉన్నాయి. ఊరూరా తిరిగి పరుపులు కుట్టే దూదేకుల మనిషి. అదే బండికి పోవలసినవాడు, అహోబలయ్య పట్టాల మీదికి దూకడం చూసి ఎక్కకుండా నిలబడిపోయాడు. అహోబలయ్య అరుపులు విని, విషయం తెలుసుకుని, తన విల్లు తీసుకెళ్లి స్టేషన్ గోడకు ఆనించి వచ్చాడు. పేరు హుసేనప్ప అని తర్వాత తెలిసింది.

అతను అడిగిన మొదటి మాట చీర రంగు కాదు, ఎటు పోయిందనీ కాదు. “ముందు ఆ పిలవడం ఆపు నాయనా,” అన్నాడు. తర్వాత, “ఈ పొద్దు మీయమ్మ ఏం పని తలుచుకొనింది?” అని అడిగాడు.

అహోబలయ్యకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం వచ్చింది. తల్లి ఎండలో ఎక్కడ పడిపోయిందో తెలియక తను చస్తుంటే ఈ మనిషి నిలబెట్టి పనుల గురించి అడుగుతాడేమిటి? అసలు ఇతనికెందుకు ఇంత ఆరాటం, ఏమాశించి వెంటపడుతున్నాడు అని కూడా అనుకున్నాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు అహోబలయ్యగారు గొంతు తగ్గించలేదు. అలా అనుకున్నాననే చెప్పారు.

హుసేనప్ప నొచ్చుకోలేదు. ఆ కోపం తనకు తెలిసిందే అన్నట్టు, “ఇట్లాంటోళ్లు తప్పిపోరు నాయనా. పని మీద పోతారు. ఆ పనేందో తెలిస్తే యాడికి పోయిందో తెలుస్తాది. పొద్దున్నుంచి ఏమన్నా అనింటాది, తలుచుకో,” అన్నాడు.

అహోబలయ్య తలుచుకున్నాడు. తల్లి పాణ్యం నుంచి మాట్లాడుతూనే ఉంది. తను పక్కనే ఉన్నాడు. ఒక్క మాట కూడా గుర్తు రాలేదు. వందల సూత్రాలు నోటికి వచ్చి, ఏ సూత్రం ఏ పుటలో ఉందో చెప్పగలిగిన మనిషి, గంట క్రితం కన్నతల్లి అన్న మాట చెప్పలేక ఎండలో నిలబడ్డాడు. హుసేనప్ప తొందరపెట్టలేదు. పక్కనే గొంతుక్కూర్చుని నేల వైపు చూస్తూ ఉన్నాడు.

చివరికి ఒక్క మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చిన తీరు తలుచుకుంటే అహోబలయ్యకు ఈనాటికీ తల వంగుతుంది. ఆ మాటలో తప్పుంది గనక గుర్తొచ్చింది. ఓబులమ్మ “తెంపుకోని పాయ” అంది. తెంపుకొని అనాలి, తెంపుకోని అంటే తెంపుకోనటువంటి అని అర్థం తిరగబడుతుంది అని అతను కాగితాల మీంచి కళ్లు తీయకుండానే మనసులో దిద్దాడు. ఆ దిద్దుబాటు పట్టుకుని లాగితే మిగతాదంతా వచ్చింది. పడ్డ తాడు తెంపుకోని పాయ, పొద్దుగుంకేలోపల పట్టుకోని రావల్ల. ఇదే ఆమె మళ్లీ మళ్లీ చెప్పింది. చిన్నప్పుడు పుట్టింట్లో ఒక పడ్డ, అంటే ఇంకా ఈనని పడుచు గేదె, ఉండేది. దాన్ని మేపడం ఆమె పని.

హుసేనప్ప లేచాడు. ఆ నేలంతా అతను నడిచి తిరిగిందే. ఎండ వేళ ఈ పక్క గేదెలు ఎక్కడుంటాయని ఒకసారి చుట్టూ చూసుకున్నాడు. చుట్టుపక్కల పల్లెల గొడ్లు ఈ పొద్దప్పుడు నీళ్లున్న గుంతలోనే పడుంటాయనీ, అలాంటివి మూడున్నాయనీ చెప్పి, ముందు నడిచాడు. పరుగెత్తలేదు గానీ, అహోబలయ్య పరుగెత్తితే తప్ప అందలేదు.

మొదటి గుంతలో నీళ్లు ఇంకిపోయి బురద మాత్రమే ఉంది. రెండో గుంత దగ్గరికి రాగానే గొడ్ల వాసన వచ్చింది. రాళ్ల గుట్ట తిరిగి చూస్తే పది పన్నెండు గేదెలు మెడలదాకా నీళ్లలో ఉన్నాయి. గుంతకు అవతలి అంచున, నీళ్లలోకి దిగే పాచి పట్టిన బండ మీద, ఓబులమ్మ ఉంది. ఒక కాలు బండ మీద, ఇంకో కాలు నీళ్లలో. ఒడ్డుకు దగ్గరగా ఉన్న పడ్డ చెవి అందుకోవాలని చెయ్యి చాచి ముందుకు వంగుతోంది. ఆ బండ దాటితే లోతెంతో ఎవరికీ తెలియదు.

అహోబలయ్య గుండెల నిండా గాలి పీల్చి నోరు తెరిచాడు. ఆ అరుపు బయటికి రాలేదు. హుసేనప్ప అరచెయ్యి అతని నోటి మీద పడింది. గట్టిగా, పళ్లకు పెదవి నొక్కుకునేంత గట్టిగా పడింది. “పిలవద్దు,” అన్నాడు హుసేనప్ప చెవిలో. “పిలిస్తే ఉలిక్కిపడి తిరుగుతాది.”

అతన్ని అక్కడే కూర్చోబెట్టి హుసేనప్ప ఒక్కడే పోయాడు. ఆమె వెనక నుంచి పోలేదు. గుంత చుట్టూ తిరిగి, దూరం నుంచే ఆమె కళ్లకు కనబడేలా, పశువులు తోలుకునే మనిషి పోయినట్టు నింపాదిగా పోయాడు. నాలుకతో గొడ్లను అదిలించే చప్పుడు చేస్తూ, ఈ పడ్డతో రోజూ ఇదే అవస్థ అని తనలో తను గొణుక్కుంటూ నడిచాడు. ఓబులమ్మ ఆ చప్పుడు విని తల ఎత్తింది. చాచిన చెయ్యి అలాగే ఉంది. కాసేపు అతన్నే చూసింది. ఆమె ముఖం విచ్చుకోవడం గుంతకు ఈ పక్కన ఉన్న అహోబలయ్యకు కూడా కనిపించింది.

“సుంకన్నా,” అంది. “ఇంతసేపా రా?”

సుంకన్న ఆమె తమ్ముడు. అహోబలయ్య పుట్టకముందే చనిపోయాడు. హుసేనప్పకు ఆ సంగతి తెలియదు. సుంకన్న ఎవరో, ఎలాంటివాడో తెలియదు. అతను ఒక్క క్షణం కూడా తడబడలేదు.

“ఎండకు జాగయింది అక్కా,” అన్నాడు. “పడ్డను నేను తోలుకొస్తా. నువ్వు గట్టెక్కి నిలబడు, నిన్ను చూసి బెదురుతాంది.”

తమ్ముడు చెప్పాక ఆమెకు మారుమాట లేదు. నీళ్లలోని కాలు తీసి బండ మీద పెట్టింది. అతను చాచిన చెయ్యి పట్టుకుంది. ఒక్కో అడుగే వేసి గట్టెక్కింది. గట్టు మీద పొడి నేల మీద ఆమె రెండు కాళ్లూ ఆనేవరకు అహోబలయ్య ఊపిరి తీసుకోలేదు. ఆ తర్వాత రాళ్ల మీద అలాగే కూర్చుండిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దుఃఖం కాదది. లోపల బిగించి ఉన్నదేదో ఒక్కసారిగా వదులైంది.

కాసేపటికి లేచి వాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఓబులమ్మ అతన్ని కిందికీ మీదికీ చూసింది. కొత్త మనిషిని చూసినట్టు కొంగు సర్దుకుని, హుసేనప్ప వైపు తిరిగి, ఎవరీయన అని అడిగింది.

“మనోడే అక్కా,” అన్నాడు హుసేనప్ప.

ఆమె సరేనన్నట్టు తల ఊపి కొడుకును తమతో నడవనిచ్చింది.

నంద్యాల వైపు పోయే బండి రావడానికి ఇంకా పొద్దుంది. ముగ్గురూ స్టేషన్లో కానుగ చెట్టు నీడన కూర్చున్నారు. స్టేషన్ మాస్టరు మజ్జిగ పంపించాడు. ఓబులమ్మ తను తాగకుండా ముందు తమ్ముడికిచ్చి, తాగేదాకా చూసింది. తర్వాత అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని తలలోంచి, గడ్డంలోంచి దూది పింజలు ఒక్కొక్కటే ఏరుతూ, యాడ పొర్లినావు రా, అమ్మ చూస్తే ఏమంటాది అని కోప్పడింది. యాభై ఏళ్ల ఆ మనిషి తల వంచి కూర్చున్నాడు. ఏరినంతసేపూ ఏరించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు కూడా. ఎండలో నడిచి నడిచి అలసిన ఓబులమ్మ చివరికి ఆ చెట్టు మొదటికి ఆనుకుని నిద్రపోయింది.

అప్పుడు అహోబలయ్య, సుంకన్న తన మేనమామ అనీ ఎప్పుడో పోయాడనీ చెప్పి, అడిగాడు. ఇవన్నీ మీకెలా తెలుసు అని. హుసేనప్ప కొంచెమే చెప్పాడు. వాళ్లమ్మకూ ఇట్లాగే అయింది. ఒక పొద్దు నీళ్లు చేదుకొస్తానని పోయింది. అప్పటికి వాళ్లింట్లో కొళాయి వచ్చి ఎన్నో ఏళ్లయింది. ఆమె వెతుక్కుంటూ ఊరి బయట పాడుబడ్డ బావి దగ్గరికి పోయింది. అతను మూడు గంటలు రోడ్డంతా వెతికి, చివరికి బావి దగ్గర చూశాడు. గట్టు మీదే నిలబడి ఉంది.

“నేను పిలిచినాను,” అన్నాడు హుసేనప్ప. అంతకుమించి చెప్పలేదు.

బండి వచ్చాక అతనే ఓబులమ్మను చెయ్యి పట్టి ఎక్కించాడు. కిటికీ పక్కన కాకుండా లోపలి వైపు కూర్చోబెట్టమన్నాడు. అహోబలయ్యను కాస్త ఇవతలికి పిలిచి ఒక మాట చెప్పాడు. సుంకన్న యాడ అని అడిగితే చనిపోయినాడని చెప్పొద్దు, చేనికి పోయినాడని చెప్పు. చనిపోయినాడని నువ్వెన్నిసార్లు చెబితే ఆమెకు అన్నిసార్లు తమ్ముడు కొత్తగా పోయినట్టే. అహోబలయ్య అతని ఊరు అడిగాడు. చెప్పాడు గానీ, ఎప్పుడూ తిరుగుడే, ఇంట్లో దొరకనన్నాడు. బండి కదులుతుండగా ఓబులమ్మ అతన్ని పొద్దు గుంకకముందే ఇల్లు చేరమని హెచ్చరించింది. అట్లనే అక్కా అన్నాడు.

ఆమె ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. అహోబలయ్య ఆమె పక్కన కూర్చున్నప్పుడు మరెన్నడూ చేతిలో కాగితం పట్టుకోలేదు. ఈ పొద్దు ఏం పని తలుచుకుందో పొద్దున్నే అడిగి తెలుసుకునేవాడు. పడ్డ పాలిస్తోందంటే సంతోషించేవాడు, కందులు ఎండబోయాలంటే చేటెడు తెచ్చి ఆమె ముందు పోసేవాడు. ఆమె మళ్లీ ఎక్కడికీ పోలేదు. ఒక్కోసారి సుంకన్న గురించి అడిగేది. చేనికి పోయినాడంటే, అవును, నన్ను గట్టెక్కించినాడు గదా అనేది. చిన్ననాటి సంగతులే గానీ ఈ మధ్యవి ఏవీ నిలవని ఆమె తలలో ఆ ఒక్కటి ఎలా నిలిచిందో వైద్యులు కూడా చెప్పలేకపోయారు. హుసేనప్ప కోసం అహోబలయ్య రెండుసార్లు ఆ ఊరికి పోయాడు. రెండుసార్లూ అతను పరుపుల పని మీద ఎక్కడికో పోయి ఉన్నాడు. ఇంట్లోవాళ్లు మంచం వేసి కూర్చోబెట్టి, సుంకన్న అక్క బాగుందా అని అడిగారట.

ఇక్కడికి చెప్పి అహోబలయ్యగారు ఆగారు. మద్దిలేటి సన్మానపత్రం చేతిలోకి తీసుకున్నాడు. ఆ పెద్దామె గట్టెక్కినందుకు అతనికే ప్రాణం కుదుటపడినట్టుంది. గుండె తేలికై, ఆ సంగతి మొత్తాన్ని తన మనసులో ఒకసారి సర్దుకుని, గురువుగారు చెప్పింది తనకు అందిందో లేదో సరిచూసుకోవడానికన్నట్టు అన్నాడు.

“అంటే మీ అమ్మగారు ఆయన్ని పొరబాటున తమ్ముడనుకున్నారన్నమాట, అయ్యవారూ.”

అహోబలయ్యగారు కలం మూత తీసి పాఠం పుస్తకం దగ్గరికి జరుపుకున్నారు.

“పొరబాటున అన్న మాట నేను చెప్పిన దాంట్లో ఎక్కడుంది, మద్దిలేటీ?”